ఏడు ముక్కల తిప్ప

సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు జెస్సీ ఊరి గుట్ట పాలతిప్పకు ఎదురుగా ఉన్న చప్పట బండ మీద స్టాండు పెట్టింది. మూడు కాళ్లనూ పొట్టీ పొడుగూ సర్ది, స్టాండు నెత్తిన ఉన్న గాజుగొట్టంలో నీటిబుడగ నడిమికి వచ్చేదాకా దానితో కుస్తీ పట్టింది. ఫోను బిగించి తీరా తలెత్తి చూస్తే తిప్ప నిండా గొర్రెలు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగు మందలు, తలకాయలు నేలకు ఆనించి, రాలిన తుమ్మకాయలు ఏరుకుని తింటున్నాయి.

"ఇన్ని గొర్రెలుంటే ఎలా అమ్మా?" అన్నాడు సురేష్.

సర్వే కాంట్రాక్టరు దగ్గర అతను సూపర్‌వైజరు. ఒంగోలు మనిషి. తిప్ప కింద ఉన్న ఊరి మీద అతనికి కోపమూ లేదు, ప్రేమా లేదు, పని తొందరగా తెమిలిపోతే చాలు. సోలార్ కంపెనీకి తిప్ప మొత్తం కనిపించే వెడల్పాటి ఫోటోలు కావాలి. ఒకే బండ మీద నిలబడి, మూడు వేరు వేరు రోజుల్లో, పొద్దున ఎనిమిదికీ పదికీ మధ్య తీసినవి మూడు. ఎందుకని జెస్సీ అడగలేదు, అతనూ చెప్పలేదు. మార్కాపురం స్టూడియోలో మూడేళ్లు పనిచేసిన పిల్ల, ఊళ్లోనే ఉంది, స్టాండు మోయగలదు. అతనికి అంతే కావాలి.

"ఒక్క ఫోటోలో పట్టదా?"

"పట్టదు సార్. ఫోను నిలువుగా పెట్టి ఏడు తీయాల. ఒక్కోటి దాని ముందుదాన్ని మూడో వంతు కప్పాల. వెలుతురు మొదటి ఫోటోకే లాక్ చేసుకోవాల, లేకుంటే అతుకులు కనపడతాయి."

"గొర్రెలు ఎప్పుడు పోతాయి?"

"మధ్యాహ్నం నీళ్లకు దిగుతాయి సార్."

మధ్యాహ్నం పన్నెండున్నరకు మందలు కుంటకు దిగాయి. అప్పుడు తీసింది పనికిరాదు గానీ, వెడల్పు ఎంత వస్తుందో చూద్దాం, ఫోను చేత్తోనే పట్టుకుని ఒకసారి తిప్పుతూ తీయమన్నాడు సురేష్. జెస్సీ మోచేతులు డొక్కలకు ఆనించుకుని, ఎడమ నుంచి కుడికి నిదానంగా తిరిగింది. సగం తిరిగేసరికి తుమ్మచెట్ల కింద నుంచి ఒక ఎర్రకుక్క లేచి, ఫోను తిరిగే వైపే పరుగెత్తింది.

ఫోను తిరిగే వైపే ఏదైనా కదిలితే అది ఫోటోలో సాగిపోతుంది. ఎదురొస్తే కుంచించుకుపోతుంది. పెళ్లి ఊరేగింపుల్లో ఎంతమంది పెద్దమనుషుల చేతులు ఇట్లా మూరెడు సాగి స్టూడియోలో గొడవలయ్యాయో జెస్సీకి తెలుసు. కుక్క మంచమంత పొడుగు వచ్చింది. తోక ఇంకా పొడుగు. తుమ్మకొమ్మల నీడ దాని వీపు మీద మచ్చలు మచ్చలుగా పడింది. ఎండకు తల దగ్గర అంతా అలికినట్టుంది.

"సారీ సార్, కుక్క సాగిపోయింది. తీసేస్తా."

సురేష్ ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "తీసేయకు. నాకు పంపు," అన్నాడు.

రోడ్డు మీదికి దిగాక జెస్సీ పంపింది. పంపమన్నది జీతమిచ్చే మనిషి. ఎందుకు పంపకూడదో ఆ క్షణంలో ఆమెకు ఏమీ తోచలేదు.

*

మంగళవారం తెల్లారేసరికి ఆ కుక్క చిరుతపులి అయిపోయింది.

మొదట చెప్పింది జెస్సీ నాయన కరుణాకరం. కూలికి పోబోతూ గడపలో ఆగి, ఊరి గ్రూపులో వచ్చిన ఫోటో చూపించాడు. తిప్పా లేదు, బండా లేదు. నడుమ ముక్క మాత్రం కోసి పెట్టారు. ఎండిన గడ్డిలో పొడుగ్గా, మచ్చలతో, తల చెరిగిపోయి ఒక జంతువు.

"చూసినావామ్మా? పాలతిప్ప మీద పులంట. నల్లమల నుంచి దిగినాదంట. నిన్న నువ్వు ఆడనే గదా ఉన్నింది!"

జెస్సీ నోరు తెరిచింది. ఆ ఫోటో నేనే తీశాను, అది కుక్క అని చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగు మాటల తర్వాత ఎన్ని ప్రశ్నలు వస్తాయో లెక్క కట్టుకునే లోపే నాయన కూలికి వెళ్లిపోయాడు.

అదే పొద్దున ఇంకో సంగతి తెలిసింది. నరసింహులు దొడ్డి వెనక గొర్రెపిల్ల ఒకటి పొట్ట చీలి పడి ఉంది. నరసింహులు నూట ఇరవై గొర్రెల ఆసామి, ఊళ్లో మందలవాళ్లకు పెద్ద. ఎండాకాలం నక్కలు దొడ్ల దాకా రావడం ఏటా ఉన్నదే. అయినా చేతిలో పులి ఫోటో పెట్టుకుని నక్కను తలచుకునేవాళ్లెవరు? ఎనిమిది గంటలకు పంచాయతీ మైకులో చెప్పారు, ఎవరూ తిప్ప మీదికి పోవద్దని, పిల్లల్ని బయటికి పంపొద్దని.

తొమ్మిదింటికి బండ మీద స్టాండు పెట్టి చూస్తే తిప్ప ఖాళీ. ఒక్క గొర్రె లేదు. గంట చప్పుడు లేదు, అదిలింపు లేదు. రోజూ వినపడే చప్పుళ్లు ఆగిపోతే చెవులు హోరెత్తుతాయని జెస్సీకి అప్పుడే తెలిసింది.

"సార్, అది కుక్క గదా," అంది.

"నేను పులని రాశానా?" అన్నాడు సురేష్ తాపీగా. "ఇదేమిటో ఎవరైనా చెప్పగలరా అని రాశాను. పులి అని వాళ్లే రాసుకున్నారు. కానివ్వు, టైమవుతోంది."

ఆమె ఏడు ఫోటోలు తీసింది. ఎడమ కొసన తెల్లరాయి నుంచి మొదలుపెట్టి, ఒక్కోసారి ఒక్కో చిటికెడు తిప్పుతూ, తుమ్మచెట్లు, పగిలిన రాతిగుండు, నడుమ వాననీళ్లు తెగ్గొట్టిన ఎర్రమట్టి కోత, వరసగా కుడి కొసన బోద గడ్డి దాకా. ఫోను ఏడింటినీ అతికి ఒకటి చేసింది. కింద కంపెనీ యాప్‌లో ఒక ప్రశ్న వచ్చింది: ఈ స్థలం పశువుల మేతకు వాడుకలో ఉందా? జెస్సీ చదివేలోపే సురేష్ ఫోను తీసుకుని "లేదు" అన్నచోట నొక్కాడు.



"సార్, ఇది ఎందుకు?"

"వాడుకలో లేదంటే కంచె వేస్తారు, ప్లేట్లు పెడతారు, ఊరికి కరెంటొస్తుంది. మీ నాన్నకి కంచె దగ్గర వాచ్‌మన్ పని ఇప్పిస్తానని మాటిచ్చాను, మర్చిపోయావా?" అన్నాడు. తర్వాత గొంతు ఏమాత్రం పెంచకుండా, "ఆ ఫోటో తీసింది నువ్వే కదా జెస్సీ. ఎవరైనా అడిగితే ముందు నిన్నే అడుగుతారు," అన్నాడు.

అందులో బెదిరింపు ఉందో లేదో కూడా తెలియదు. భయపెట్టడానికి గొంతు పెంచనక్కర్లేని మనుషులు కొందరుంటారు.

*

గురువారం రెండో ఫోటో. సురేష్ రోడ్డు మలుపులో జీపు ఆపి, "నువ్వు తీసుకురా, నాకు ఫోన్లున్నాయి," అని కింద ఉండిపోయాడు.

బండ దాకా పావుగంట నడక. అది పులి కాదని ఈ భూమ్మీద ఖాయంగా తెలిసిన మనిషి జెస్సీ. కుక్క పరుగెత్తడం కళ్లారా చూసింది. అయినా స్టాండు భుజాన వేసుకుని ఒంటరిగా ఎక్కుతుంటే మెడ వెనక ఎవరో ఊపిరి వదులుతున్నట్టే ఉంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి తిరిగితే నిజంగానే ఏదో ఉంటుందేమోనని తిరగలేదు. బండ ఎక్కి బుడగ చూసుకుంటుంటే అది నడుమ నిలవడం లేదు. మూడు కాళ్లనూ మళ్లీ మొదటి నుంచి సర్దింది.

ఐదో ఫోటో తీస్తుండగా తుమ్మచెట్ల వైపు ఏదో చిటుక్కుమంది.

ఆమె కదల్లేదు. అరవలేదు. యేసయ్యా, యేసయ్యా అని మాత్రం పెదవులు ఆడించింది. ఎంతసేపో తెలియదు, ఏమీ రాలేదు. మిగిలిన రెండు ఫోటోలూ తీసి దిగబోతూ, ఎందుకో తనకే తెలియని మొండితనంతో తుమ్మచెట్ల దాకా పోయి చూసింది.

చెట్ల కింద పెంటికలు. నల్లగా, మెత్తగా, ఇంకా ఆరనివి. పొద్దున వేసినవే. దుమ్ములో గిట్టల గుర్తులు, వాటి పక్కనే కాలికి పెద్దదై ఈడ్చినట్టు, మడమ అరిగిన మగ చెప్పు గుర్తు. కొమ్మలు దులిపి కాయలు రాల్చినట్టు నేలంతా కొత్త ఆకు రాలి ఉంది. ఎవరో వచ్చి మేపుకుని వెళ్లారు. పులి ఉందని ఊరంతా దొడ్లు బిగించుకుని కూర్చుంటే ఎవరికో భయం లేదు.

మడమ అరిగిన ఆ చెప్పు ఎవరిదో ఆలోచించడానికి జెస్సీకి రోడ్డు దాకా కూడా పట్టలేదు. ఊళ్లో మగవాడి చెప్పులు వేసుకుని తిరిగే ఆడమనిషి ఒక్కతే.

*

శుక్రవారం పొద్దున ఆదెమ్మ దొడ్డి ముందు గొర్రెను వెల్లకిలా తిప్పి, మోకాళ్ల మధ్య బిగించి, గిట్టలో విరిగిన ముల్లును పిన్నీసుతో తీస్తోంది. అరవై దాటిన మనిషి. మొగుడు పోయాక నలభై గొర్రెలనూ ఒంటిచేత్తో సాకుతోంది. గొర్రెల వీపుల మీద ఆమె గుర్తు నీలిరంగు చార. పక్కనే నీడలో ఎర్రకుక్క పడుకుని ఉంది.

"అవ్వా, ఒక మాట చెప్పాల."

"చెప్పు మే."

"ఆ ఫోటోలో ఉన్నది పులి కాదు. ఆ ఫోటో తీసింది నేనే."

ఆదెమ్మ తలెత్తలేదు. ముల్లు కొస దొరికింది. గోళ్లతో పట్టి లాగి, అటూ ఇటూ చూసి పారేసింది. గిట్టకు ఇంత పసుపు అద్ది గొర్రెను వదిలింది.

"అది మా యెర్రోడు," అంది. "తోక కొస వంకర వానికి. మంగళారం ఫోటో చూపిచ్చిన్నాడే తెలుసు నాకు. నేను పెంచిన కుక్కని నేను గుర్తుపట్టనా?"

 నాలుగు రోజులుగా గుండెల మీద మోసుకు తిరిగిన రహస్యం ఇక్కడ దొడ్డి ముందు తీరిగ్గా పడుకుని తోక ఆడిస్తోంది.

"మరి ఎందుకు చెప్పలే అవ్వా?"

"ఎందుకా? యీ యేడు వాన ఎట్ల పడిందో చూసినావు గదా. కింద చేలల్లో మోళ్లు గూడ లేవు. తుమ్మకాయ రాలేది యీ ఒక్క నెల. నాలుగు మందలు తింటే నా నలభైకి ఏం మిగుల్తాది? నరసింహులు మంద అంతా ముందు పోయి ఊడ్చేస్తాది, నేను ముసల్దాన్ని, వెనక పడతా." ఆదెమ్మ చేతులు తుడుచుకుంది. "పులి వారం రోజులుంటే ఉండనీలే అనుకున్నా. తెల్లారకముందే తోలకపోయి, ఏడుకంతా దించుకొస్తాండా. తప్పే. ఏం చేయమంటావు?"

జెస్సీకి ఆమె మీద కోపం రావాలి. రాలేదు. తనూ నోరు మూసుకున్నదే కదా, కాకపోతే ఆదెమ్మ గొర్రెల కోసం మూసుకుంది, తను భయానికి మూసుకుంది. ఆమె ఆ ఫోటోల సంగతంతా చెప్పింది. మూడు ఫోటోలు, కింద వచ్చే ప్రశ్న, సురేష్ నొక్కిన జవాబు.

"రెండు అయినాయి అవ్వా. రెంటిలోనూ ఒక్క గొర్రె లే. రేపటిది మూడోది. అది గూడ ఖాళీగా ఉంటే తిప్ప మీద ఎవురూ మేపుకోరని రాసుకుంటారు. కంచె పడతాది."

 ఆదెమ్మ తిప్ప వైపు చూసింది, గొర్రెల వైపు చూసింది. ఎర్రకుక్క తల నిమరబోయి చేయి వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు నేను పోయి చెప్తే నన్ను ఊర్లో బతకనిస్తారా మే?"

"నన్ను మాత్రం?"

 చివరికి ఆదెమ్మే లేచి కొంగు బిగించింది. "సాయంత్రం పాలకేంద్రం కాడ అందరూ ఉంటారు. నువ్వు గూడ రా. ఒక్కదాన్నే పోలేను," అంది.

*

పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడిన వాళ్ల ముందు ఆదెమ్మ చెప్పింది. దాచకుండా చెప్పింది. కుక్క తనదని, తెలిసీ ఊరుకున్నానని, ఒక్కతే మేపుకున్నానని. చెప్తున్నంతసేపూ నేల చూపులే.

 నరసింహులు పాల క్యాను కింద పెట్టాడు.

"మా గొర్రెలు దొడ్లో ఆకలికి అరస్తాంటే నువ్వొక్కదానివే మేపుకున్నావా వదినా?"

"మేపుకున్నా."

"ఇప్పుడు కాయ అయిపోయినాది గాబట్టి పులి కుక్క అయిందా?"

"కాదు చిన్నాయనా," జెస్సీ ముందుకొచ్చింది. "కంచె ఏస్తారు. రేపే ఆఖరి ఫోటో. ఫోను తిప్పేటప్పుడు కదిలితే ఏదైనా సాగుతాది. చూపిస్తా చూడండి."

ఆదెమ్మను గోడ వెంబడి నడవమని, ఆమెతో పాటే ఫోను తిప్పి, ఫోటో అందరికీ చూపించింది. అందులో ఆదెమ్మ గోడంత వెడల్పు ఉంది. మూడు చేతులున్నాయి. ముఖం ఒక పక్కకు జారి, కన్ను ఒకటి చెవి దాకా పోయింది. ఇది చూసి నవ్వుతారని, నవ్వితే భయం పోతుందని జెస్సీ అనుకుంది. ఎవరూ నవ్వలేదు. ఒకామె చేతిలో బిడ్డ కళ్లు మూసింది.

"కుక్కని పులి చేసినదానివి," అన్నాడు నరసింహులు, "పులిని కుక్క చేయలేవా? నీ ఫోను మనిషినే ఇట్ల చేస్తే దాన్ని నమ్మి మేం గొర్రెల్ని తోలాల్నా? పోనీ, నా గొర్రెపిల్ల పొట్ట చీల్చింది ఎవురో చెప్పు."

"నక్క అయి ఉంటాది చిన్నాయనా."

"అయి ఉంటాది!" అని అతను క్యాను ఎత్తుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఆదెమ్మకు దారి ఇచ్చారు గానీ ఆమె వైపు చూడలేదు. అందరికంటే వెనక కరుణాకరం నిలబడి ఉన్నాడు.  ఇంటి దాకా కూతురికి నాలుగు అడుగులు ముందే నడిచాడు.

*

శనివారం పొద్దున జెస్సీ స్టాండు భుజానికెత్తుకుంటుంటే కరుణాకరం మూల నుంచి చేతికర్ర తెచ్చి ఇచ్చాడు.

"అది కుక్కే నాయనా. నిన్న విన్నావు గదా."

"విన్నాలే. ఉండనీ చేతిలో."

వాచ్‌మన్ పని సంగతి అతను ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండును, పోట్లాడుకుని ఉండేవాళ్లు. అతను ఎత్తకపోవడం వల్ల ఆ కర్ర ఇంకా బరువుగా అనిపించింది.

రోడ్డు మలుపులో జీపు ఆగింది. సురేష్ అద్దాలన్నీ ఎక్కించుకుని కూర్చున్నాడు. ఎండకు లోపల చెమటలు కారుతున్నాయి, అయినా దించడం లేదు.

"మీరు రారా సార్? అది కుక్కని మీకు తెలుసు గదా."

"తెలుసు," అన్నాడు అద్దం రెండు వేళ్లంత దించి. "కానీ ఆ గొర్రెపిల్లను ఏదో చంపింది కదా. నువ్వు తొందరగా తీసుకుని వచ్చేయ్. పైన సిగ్నల్ ఉండదు, ఇక్కడికొచ్చాక పంపుదువు. కంపెనీ యాప్ ఒక్కసారే తీసుకుంటుంది, జాగ్రత్త."

తను చల్లిన భయం తిరిగి తన జీపులోకే ఎక్కి కూర్చుందని అతనికి తెలుసో లేదో. జెస్సీకి నవ్వు రాలేదు. కర్ర గట్టిగా పట్టుకుని ఎక్కింది.

తిప్ప ఖాళీ. ఎనిమిదీ నలభై. బుడగ నడుమకు తెచ్చింది. తీయకపోతే ఇంకెవరినో తెచ్చి తీయిస్తారు. తీస్తే తిప్ప పోతుంది. ఫోను పక్కనే ఊరికే నిలబడింది. అప్పుడు ఎడమ కొసన, తెల్లరాయి వెనక నుంచి గంట వినిపించింది.

ఆదెమ్మ వచ్చింది. ముందు ఆమె, వెనక నలభై గొర్రెలు, పక్కన ఎర్రకుక్క.

"ఎవురూ రాలే మే," అని అరిచింది దూరం నుంచే. "గడప గడపకీ పోయి అడిగినా. ఒక్కరూ తలుపు తీయలే."

జెస్సీ ఫోనులో చూసింది. అంత వెడల్పు తిప్పలో నలభై గొర్రెలు ఒక మూల గుప్పెడు గులకరాళ్లలాగా ఉన్నాయి. దారి తప్పి వచ్చిన మంద అంటారు. ఆ ముక్క కోసేసినా కోసేస్తారు. సోమవారం నాలుగు మందలతో నిండుగా ఉన్న ఈ తిప్పే ఆమె కళ్లలో మెదిలింది. చేయి ఎత్తింది.

"అవ్వా! గొర్రెల్ని ఆడనే నిలుపు. పక్కలకి రానీయమాకు. పక్కలకి వస్తే అతుకులో సగం సగం తెగిపోతాయి. నేను చెప్పినంక తుమ్మచెట్ల కాడికి తోలు."

మొదటి ఫోటో తీసింది. ఆదెమ్మ మందను తుమ్మచెట్ల కిందికి తోలింది. రెండోది. పగిలిన గుండు దగ్గరికి. మూడోది. తను ఏం చేస్తోందో ఆదెమ్మకు విడమరచి చెప్పలేదు, ఆమె అడగలేదు. గొర్రెలు తినబోతుంటే అదిలించాల్సి వస్తోంది, కుక్క అటూ ఇటూ ఉరుకుతోంది, ఆదెమ్మ రొప్పుతోంది. ఎర్రమట్టి కోత దాటించడానికి ఒక్కో పిల్లను చేతులతో ఎత్తి అవతల దించింది. ఏడో ఫోటోకు బోద గడ్డిలోకి చేరేసరికి అరగంట పట్టింది.

ఫోను ఏడింటినీ అతికింది. ఆదెమ్మ బండ ఎక్కి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని చూసింది. తెల్లరాయి నుంచి బోద గడ్డి దాకా తిప్ప నిండా గొర్రెలు. దగ్గర దగ్గర మూడు వందలు.

ఆదెమ్మ చాలాసేపు చూసింది. "పులి రాకముందు ఇట్లనే ఉండె," అంది. 

 అబద్ధం ఇంత నిజంలాగా ఉంటుందని జెస్సీ అనుకోలేదు. ఫోను దగ్గరికి పెట్టుకుని పెద్దది చేసి చూసింది. అప్పుడు కనిపించింది. ప్రతి గొర్రె వీపు మీదా నీలిరంగు చారే. మొదటి ముక్కలో కుంటుతున్న పొట్టేలు ఏడో ముక్కలోనూ కుంటుతోంది. మందలు తెలిసినవాడు ఎవడు చూసినా ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. ఒక్కసారి దొంగ ఫోటో అన్నారంటే ఇక ఈ ఊరి మాట ఎవరు వింటారు? పంపితే భయం, పంపకపోతే భయం. ఆమె స్టాండు మడిచి కిందికి దిగింది. దిగుతున్నంతసేపూ ఏం చేయాలో తోచలేదు.

జీపు కనపడే మలుపుకు వచ్చేసరికి దుమ్ము లేచింది.

ముందు నరసింహులు. వెనక అతని మంద, వీపుల మీద ఎర్రచుక్క. దాని వెనక పచ్చచార, దాని వెనక తారుగీత. నాలుగు రోజులు దొడ్లో ఉన్న గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ తోసుకుంటూ వస్తున్నాయి. నిన్న ఎంత చెప్పినా వినని మనుషులు, అరగంటపాటు తమ వాకిళ్లలోంచి చూస్తూ నిలబడ్డారు. ముసలామె తిప్పను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒంటరిగా నడిచింది. ఆమెను ఏదీ తినలేదు.

నరసింహులు జెస్సీ దగ్గర ఆగాడు. "కుక్కేనా మే?"

"కుక్కే చిన్నాయనా."

 అతను ఈలవేసి మందను తిప్ప వైపు మళ్లించాడు.

సురేష్ అద్దం సగం దించాడు. "ఏంటీ గొర్రెలు? పులి ఉందని చెప్పు వాళ్లకి! ఫోటో తీశావా?"

"మీరే దిగి చెప్పండి సార్."

జెస్సీ ఈ మాట అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సురేష్ తలుపు మీద చేయి వేశాడు. గొర్రెలు జీపును రెండు వైపులా రాసుకుంటూ పోతున్నాయి. అతను దిగలేదు.

"మీ నాన్న పని సంగతి గుర్తుందా జెస్సీ?"

గుర్తుంది. బాగా గుర్తుంది.  టైము తొమ్మిదీ ముప్పై నాలుగు. ఆమె ఫోనులోని ఫోటో తీసేసి, స్టాండు మళ్లీ భుజానికి ఎత్తుకుని, మందల వెనక దుమ్ములో పైకి ఎక్కడం మొదలుపెట్టింది. జీపు హారన్ మోగింది. మళ్లీ మోగింది. దానికి గొర్రెలు బెదిరి ఇంకాస్త తొందరగా ఎక్కాయి.

బండ మీద బుడగ సర్దుకుంటుంటే ఎదుటి తిప్ప మీద నాలుగు మందలూ కలిసిపోయి, విడిపోయి, మళ్లీ కలుస్తున్నాయి. ఎర్రమట్టి కోత అంచున నరసింహులూ ఆదెమ్మా రెండు బారల దూరంలో నిలబడ్డారు. ఒకరివైపు ఒకరు చూసుకోవడం లేదు.

"మే! ఫోటోకి మేం ఎట్ల నిలబడాల?" అని అరిచాడు నరసింహులు. గుడ్డ సర్ది తలకు చుట్టుకుంటున్నాడు.

"ఎట్లా నిలబడొద్దు చిన్నాయనా," అని అరిచింది జెస్సీ. "మీ పాటికి మీరు మేపుకోండి."

వెలుతురు లాక్ చేసి, తొమ్మిదీ యాభై రెండుకు మొదటి ఫోటో తీసింది.